ఉప్పునీటి ట్యాంక్‌లో మొదటి చేప: క్లౌనా, డామ్‌సెలా, ఇంకేదైనానా?

ట్యాంక్ కొన్నారు, ఉప్పు కలిపారు, రాళ్లు పేర్చారు, పంపు తిరుగుతోంది. లోపల మాత్రం ఈదేది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చినవాళ్లు "ఇంత ఖర్చు పెట్టి ఉత్త నీళ్లు చూస్తూ కూర్చున్నారేంటి" అంటారు, పిల్లలు నెమో (ఫైండింగ్ నెమో సినిమాలోని నారింజ క్లౌన్ చేప) ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతారు, షాపతనేమో "కొత్త స్టాక్ దిగింది సార్, ఇవాళ రండి" అని మెసేజ్ పెడతాడు. ఎక్కువమంది తొందరపడేది సరిగ్గా ఇక్కడే. ఉప్పు, లైటు, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) గురించి నెలల తరబడి వీడియోలు చూసినవాళ్లు కూడా చేప దగ్గరికొచ్చేసరికి షాపులో పది నిమిషాల్లో తేల్చేస్తారు.

షాపులో సలహా అడిగితే దాదాపు ఎక్కడైనా ఒకటే మాట: "మొదట డామ్‌సెల్ వేయండి సార్, గట్టి చేప, చావదు." నిజమే, పగడపు దిబ్బల్లో ఉండే ఈ చిన్న చేప చావదు. అసలు సమస్యే అది. ఉప్పునీటి ట్యాంక్‌లో ముందు దిగిన చేప అక్కడి రాళ్లూ సందులూ అన్నీ తనవే అనుకుంటుంది, తర్వాత వచ్చినవాటిని తరుముతుంది. కాబట్టి మొదటి చేపను ఎంచుకునేటప్పుడు "ఇది బతుకుతుందా" అని ఒక్కటే కాదు, "దీని తర్వాత నేను వేయాలనుకున్నవి బతుకుతాయా" అని కూడా అడగాలి. నా లెక్కలో రెండో ప్రశ్నే పెద్దది, ఎందుకంటే మొదటిదానికి జవాబు చాలావరకు చేపలో లేదు, నీళ్లలో ఉంది.

## ముందు ఇవి చూసుకోండి

సైకిల్ పూర్తయిందా? ఇది కాకపోతే కింద రాసిన ఏ చేపా మీకు పనికిరాదు. చేప వదిలే వ్యర్థం నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో సరిపడా పెరగడమే సైకిల్, దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి ట్యాంకులు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు "కొంచెం అమ్మోనియా ఉంటే ఏమవుతుందిలే" అనుకుంటారు గానీ, ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది, పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియాలో విషపు వాటా పెరుగుతుంది. అదే అంకె టెస్ట్ కిట్‌లో కనిపించినా ఇక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది.

చేపను పెట్టి సైకిల్ చేయించడం పాత పద్ధతి, డామ్‌సెళ్లకు "మొదటి చేప" అన్న పేరు వచ్చింది కూడా దానివల్లే. ఇప్పుడు ఆ అవసరం లేదు. మార్కెట్లో ఒక్క పచ్చి రొయ్య తెచ్చి, పల్చటి గుడ్డలో మూటకట్టి నీళ్లలో వేలాడదీస్తే చాలు, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. మూట ఎందుకంటే, టెస్ట్ కిట్‌లో రంగు బాగా ముదిరాక రొయ్యను ముక్కలు చెదరకుండా బయటికి తీసేయొచ్చు. ఆ నాలుగైదు రోజులు గదిలో వాసన ఉంటుంది, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. వాసన వద్దనుకుంటే అమ్మోనియం క్లోరైడ్ దొరుకుతుంది. చివర్లో పరీక్ష ఒకటే: అమ్మోనియా 1 నుంచి 2 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) వచ్చేలా వేసి, మర్నాటికల్లా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంక్ సిద్ధం.

నీళ్లు, వేడి. ఉప్పునీటి స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోలిస్తే ఎన్ని రెట్ల బరువు అన్న అంకె) 1.025 దగ్గర, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, వేడి 25 నుంచి 27 డిగ్రీలు. వంటింటి ఉప్పు కాదు, సముద్రపు ట్యాంకుల కోసమే అమ్మే సాల్ట్ మిక్స్ వాడాలి. దాన్ని కలిపే నీళ్ల విషయంలో ఇంటి ఆర్వోను గుడ్డిగా నమ్మొద్దు. చాలా మెషిన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది, అది రుచి కోసం బోరు నీళ్లను కొంత తిరిగి కలిపేస్తుంది. గ్లాసులోకి పట్టి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచితే 80, 100 చూపిస్తుంది, ట్యాంకుకు కావాల్సింది సున్నాకు దగ్గరగా. వైజాగ్, కాకినాడ వాళ్లు సముద్రం నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అంటారు. తీరం దగ్గర నీళ్లలో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం, పైగా వానల తర్వాత గోదావరి, కృష్ణా నీళ్లు కలిసి బంగాళాఖాతం పైపొరలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. కొత్తవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు!

వేడి సంగతి చేప ఎంపికను నేరుగా మార్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గదిలో ఏసీ లేకపోతే నీళ్లు 31, 32 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, గాలిలో తేమ ఎక్కువుండే కోస్తాలో అంత కూడా దిగదు. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు, కాబట్టి తగ్గినంత మేర మంచి ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మెషిన్) కొనే ఉద్దేశం లేనివాళ్లు ఈ ఒక్క కారణంతోనే కొన్ని చేపల్ని పక్కన పెట్టేయాలి.

గొడవ గుణం, పెరిగే సైజు, తిండి, పుట్టిన చోటు. షాపులో అన్నీ రెండు మూడు సెంటీమీటర్లే ఉంటాయి, చూసి మోసపోవద్దు. తిండి విషయంలో, పెల్లెట్ (ఎండు గుళికల తిండి) తినే చేపకూ ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే, రొయ్యల్లాంటి చిన్న జీవులు) తప్ప ముట్టని చేపకూ మధ్య రోజూ మీకు పడే పని తేడా చాలా ఉంటుంది, ఊరెళ్లినప్పుడు పక్కింటివాళ్లకు అప్పజెప్పాల్సి వస్తే ఇంకా తెలుస్తుంది. హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అన్నది కూడా అంతే ముఖ్యం. హేచరీ చేప పుట్టినప్పటి నుంచీ గాజు గోడల మధ్యే పెల్లెట్ తింటూ పెరిగింది. పట్టిన చేప వల, సంచి, విమానం, హోల్‌సేలర్ ట్యాంక్, షాపు ట్యాంక్ అన్నీ దాటుకుని ఒళ్లు హూనమై మీ దగ్గరికొస్తుంది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు సయనైడ్ చల్లి పట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, అలా పట్టిన చేప బాగానే తింటూ తింటూ కొన్ని వారాలకు కారణం తెలియకుండా పోతుంది.

## ఆసెల్లారిస్ క్లౌన్

షాపుల్లో నెమో అంటే ఇదే. నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు, పెరిగితే 8, 9 సెంటీమీటర్లు. దీన్ని సిఫారసు చేయడం పాత పాటే, అయినా తప్పదు, ఎందుకంటే మిగతా ఏ చేపకూ ఇన్ని అనుకూలాలు ఒక్కచోట లేవు. హేచరీల్లో విరివిగా పుడుతోంది. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల్ని పొదిగించి పెంచే పద్ధతుల్ని అభివృద్ధి చేసింది, కాబట్టి సముద్రంలో పట్టిందే కొనాల్సిన పని లేదు. పెల్లెట్ తింటుంది, ఎప్పుడూ ముందువైపే ఈదుతూ కనిపిస్తుంది, బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది.

హేచరీ పిల్లల్ని షాపులో గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. అన్నీ ఒకే సైజులో ఉంటాయి, కొన్నింటికి పట్టీలు వంకరగానో సగంలో తెగిపోయో ఉంటాయి, గాజు దగ్గరికి చెయ్యి తెస్తే పారిపోకుండా గుంపుగా ముందుకొస్తాయి. పట్టిన వాటిలో బ్రూక్లినెల్లా అనే జబ్బు ఎక్కువ. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది, మందు వేసే లోపే ఒకటి రెండు రోజుల్లో పోవచ్చు. అందుకే ట్యాంకులో ఒక్క చేపకు అలా కనిపించినా దాంట్లోంచి ఏదీ కొనకండి.

రెండు కొనండి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది, రెండూ ఒకేసారి దించండి. ఇవి పుట్టుకతో మగవే, జంటలో పెద్దది ఆడగా మారుతుంది. మొదటి వారంలో పెద్దది తరుముతుంటే చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా గజగజ వణికిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి జబ్బు చేసిందని కంగారుపడతారు. అది "నువ్వే పెద్దదానివి" అని ఒప్పుకోవడం, అక్కడితో గొడవ సగం తీరినట్టే. రెండూ సమానమైన సైజువైతే మాత్రం ఎవరు పెద్ద అన్నది తేలక రెక్కలు చిరిగేదాకా కొట్టుకోవచ్చు. మూడోదాన్ని మాత్రం చేర్చొద్దు.

అనిమోన్ (సముద్రంలో క్లౌన్లు ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే జీవి) అక్కర్లేదు. ఫొటో కోసం కొత్త ట్యాంక్‌లో అనిమోన్ పెట్టి, అది కదిలి పంపులోకి వెళ్లి నలిగి, నీళ్లు పాడై, చేపలూ పోయిన కథలు ఈ హాబీలో ఉన్నవాళ్లందరూ వినే ఉంటారు. అది లేకపోతే క్లౌన్ ఏ పంపు మూలనో, హీటరు పక్కనో పడుకుంటుంది, దానికేం బెంగ లేదు.

జాగ్రత్త పడాల్సింది పేరు దగ్గర. టొమాటో క్లౌన్, మెరూన్ క్లౌన్ కూడా క్లౌన్లే, చిన్నప్పుడు ముద్దుగానే ఉంటాయి. మెరూన్ ఆడది 15 సెంటీమీటర్లు దాకా పెరిగి, గాజు తుడవడానికి చెయ్యి పెట్టినా కొరుకుతుంది. "క్లౌన్ కావాలి" అనకండి, "ఆసెల్లారిస్ కావాలి" అని అడగండి.

## డామ్‌సెళ్లు, క్రోమిస్

ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి, లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బల్లో ఇవి పుష్కలం. నీళ్లు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటాయి. ఇంత మంచి చెప్పాక అసలు సంగతి: డామినో డామ్‌సెల్ షాపులో రూపాయి బిళ్లంత ఉంటుంది, నల్లగా మూడు తెల్ల చుక్కలతో. పెరిగితే 14 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, రంగు వెలిసిపోతుంది, ట్యాంకంతా దాని రాజ్యమే. నలుపూ తెలుపూ చారల హంబగ్ కూడా అదే బాపతు. తీసేద్దామంటే వలకు చిక్కదు, రాళ్లన్నీ బయటికి తీస్తే తప్ప.

మిగతావాటితో ఒకే గాటన కట్టకూడని డామ్‌సెల్ ఒకటుంది: పసుపు తోక నీలి డామ్‌సెల్, శాస్త్రీయ నామం క్రిసిప్టెరా పారాసెమా. ఏడు సెంటీమీటర్లు దాటదు, రంగు పోదు, మిగతా డామ్‌సెళ్లతో పోలిస్తే సాధువు. డామ్‌సెల్ కావాల్సిందే అంటే ఇదొక్కటే తీసుకోండి, అది కూడా వీలైతే చివర్లో. కొనేటప్పుడు తోక మొత్తం చిక్కటి పసుపు ఉందో లేదో చూడండి, పూర్తి నీలం ఉన్నది వేరే జాతి, దాని కోపం కూడా వేరే.

ఆకుపచ్చ క్రోమిస్‌ను "గుంపుగా వేయండి, శాంతంగా ఉంటాయి" అని అమ్ముతారు. ఇంటి ట్యాంకుల్లో జరిగేది వేరు. ఆరు వేస్తే బలమైనది బలహీనమైనదాన్ని వేధిస్తూ, నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తగ్గిపోతుంటుంది. ఒంటి పక్కన ఎర్రటి పుండులా లేచే యూరోనెమా జబ్బు కూడా వీటికి ఎక్కువ. ఐదారడుగుల ట్యాంక్ ఉంటే ఆలోచించండి, మొదటి చేపగా నేనైతే చెప్పను.

## కార్డినల్స్

బాంగాయ్ కార్డినల్ నల్ల చారలతో, పొడవాటి రెక్కలతో నీళ్లలో వేలాడదీసినట్టు నిలబడి ఉంటుంది. అటూ ఇటూ ఉరకలేసే చేప కావాలనుకునే పిల్లలకు ఇది నచ్చకపోవచ్చు, పెద్దవాళ్లు మాత్రం గంటలు చూస్తూ కూర్చుంటారు. ఇండోనేషియాలో సులవేసి దగ్గర బాంగాయ్ దీవుల చుట్టుపక్కలే దీని సొంతూరు, అలంకరణ కోసం విపరీతంగా పట్టేయడంతో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2007లో దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. కాబట్టి హేచరీదే అడగండి. హేచరీది కాకపోతే తిండి దగ్గర కూడా సతాయిస్తుంది, మొదట్లో బతికున్న బ్రైన్ ష్రింప్ (చేపల మేతకు వాడే చిన్న ఉప్పునీటి జీవి) తప్ప చూడకపోవచ్చు.

దీని ముచ్చట దీనిది: మగది గుడ్లను, పుట్టిన పిల్లల్ని నోట్లోనే దాచుకుని మూడు నాలుగు వారాలు తిండి మానేస్తుంది. చిక్కల్లా రెండు మగవి పడితే వచ్చే యుద్ధమే, చిన్నప్పుడు మగా ఆడా తేడా తెలియదు. ఒక్కటే వేయండి, లేదా షాపులో ఇప్పటికే జంటకట్టి పక్కపక్కన తిరిగే రెండింటిని తీసుకోండి. మూడు నాలుగు కలిసి కావాలంటే పైజామా కార్డినల్ నయం, ఎర్ర కళ్లు, వెనక సగం చుక్కలు, గొడవ తక్కువ.

## ఫైర్‌ఫిష్, రాయల్ గ్రామా

ఈ రెండూ బెరుకు చేపలు. ఇప్పటికే ఎవరో ఆక్రమించుకున్న ట్యాంక్‌లో దింపితే రాతి సందులోంచి బయటికి రావు, తినవు. అదే ముందు దించితే వారంలో కుదురుకుంటాయి. అంటే "గట్టి చేప ముందు, సున్నితమైనది తర్వాత" అనే సూత్రం వీటి దగ్గర తిరగబడుతుంది.

ఫైర్‌ఫిష్ చౌక, తేలిగ్గా తింటుంది, కానీ బెదిరితే గెంతుతుంది. పైన గాజు మూత పెట్టి వైర్ల కోసం మూలన రెండు అంగుళాలు వదిలినా సరిగ్గా ఆ సందులోంచే దూకి పొద్దున్నే నేల మీద ఎండిపోయి దొరుకుతుంది. సన్నటి జాలీ కొట్టించి మొత్తం కప్పగలిగితేనే కొనండి. రాయల్ గ్రామా ముందు సగం ఊదా, వెనక సగం పసుపు, కొట్టొచ్చినట్టు ఉంటుంది, తనకంటూ ఒక గూడు దొరికితే నెమ్మదస్తురాలు. అయితే కరీబియన్ సముద్రం నుంచి రావాలి, అందుకే మన దగ్గర ధర ఎక్కువ, ఎప్పుడో గానీ దొరకదు. దొరక్క దొరికిందని కొత్త ట్యాంక్‌లో ప్రయోగం చేయడానికి మనసొప్పదు.

## వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన మొదటి చేప ఇదే. పసుపు వాచ్‌మన్ గోబీ పది సెంటీమీటర్ల లోపు, ఇసుక మీద మోచేతులు ఆనించి కూర్చున్నట్టు కూర్చుని లోకాన్ని చూస్తుంటుంది. దీనికి తోడుగా పిస్టల్ రొయ్యను వేస్తే, రొయ్య పొద్దస్తమానం బొరియ తవ్వుతూ ఇసుక బయటికి నెడుతుంటుంది. దానికి చూపు అంతంత మాత్రం, అందుకే బయటికొచ్చినప్పుడల్లా ఒక మీసం గోబీ ఒంటి మీద ఆనించి ఉంచుతుంది. ఏదైనా నీడ కదిలితే గోబీ తోకను టకటకా ఆడిస్తుంది, అంతే, రొయ్య లోపలికి.

రెండడుగుల ట్యాంక్ చాలు, ఎవరితోనూ పెద్దగా పేచీ లేదు. కానీ రాళ్లను ఇసుక మీద పేర్చి ఉంటే ఆగండి, రొయ్య కింద తవ్వితే గుట్ట కూలుతుంది. రాళ్లు గాజు అడుగునే ఆనాలి, ఆ తర్వాత ఇసుక పోయాలి. ఒక్కోసారి జంట రెండు వారాలు కనబడకుండా పోతుంది. డబ్బులు పోశాం, చేప కనిపించాలి అనుకునేవాళ్లకు ఇది టెన్షనే.

## బ్లాక్ మోలీ

నవ్వకండి. గల్లీ షాపులో నలభై యాభై రూపాయలకు దొరికే మోలీ ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది. దాని జాతి సహజంగానే నదీ ముఖాల దగ్గర, కొంచెం ఉప్పు ఉండే నీళ్లలో తిరిగేదే. ట్యాంక్ నీళ్లను సన్న గొట్టంతో చుక్కచుక్కగా దాని డబ్బాలోకి వదులుతూ ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పూర్తి ఉప్పుకు తీసుకురావచ్చు, ఒకటి రెండు రోజులకు పొడిగిస్తే ఇంకా మంచిది. మంచినీటి పరాన్నజీవులు ఉప్పులో చచ్చిపోతాయి కాబట్టి జబ్బులు మోసుకొచ్చే భయమూ తక్కువ. కొత్త ట్యాంక్‌లో మొలిచే నాచును గీరి తింటుంది, మన ఎండలకు ఈ జాబితాలో అన్నిటికంటే ఎక్కువ ఓర్చుకునేదీ ఇదే.

దీని అసలు ఉపయోగం మీకు. తిండి ఎంత వేయాలి, నీళ్లు ఎంత ఆవిరవుతున్నాయి, కరెంటు రెండు గంటలు పోతే ఏమవుతుంది అన్నవన్నీ రెండు నెలలు దీంతో అలవాటవుతాయి. పట్టి తీసేయడం సులభం, ఎవరితోనూ గొడవ లేదు. లోపమల్లా ఒక్కటే: అది సముద్రపు చేపలా ఉండదు. ఇంటికొచ్చినవాళ్లు "ఇంత హంగామా చేసి మోలీ వేశారా" అంటే మొహం చిన్నబుచ్చుకునే రకమైతే వదిలేయండి.

## ఒక్కచోట చూస్తే

| చేప | పెరిగే సైజు | ట్యాంక్ కనీసం | తర్వాతి చేపలతో | తిండి |
|---|---|---|---|---|
| ఆసెల్లారిస్ క్లౌన్ జంట | 8–9 సెం.మీ. | 75 లీ. | పర్లేదు, జంటకట్టాక తమ మూల కాపాడుకుంటాయి | పెల్లెట్ చాలు |
| డామినో, హంబగ్ | 10–14 సెం.మీ. | 200 లీ. పైన | చాలా కష్టం | ఏదైనా |
| పసుపు తోక డామ్‌సెల్ | 7 సెం.మీ. | 100 లీ. | ఓ మోస్తరు, చివర్లో వేస్తే మేలు | ఏదైనా |
| బాంగాయ్ కార్డినల్ | 8 సెం.మీ. | 110 లీ. | శాంతం, తనవాళ్లతోనే గొడవ | ఫ్రోజెన్, హేచరీది అయితే పెల్లెట్ |
| ఫైర్‌ఫిష్ | 8–9 సెం.మీ. | 75 లీ., పూర్తి మూత | ముందే వేయాలి | చిన్న పెల్లెట్, ఫ్రోజెన్ |
| వాచ్‌మన్ గోబీ | 10 సెం.మీ. | 70 లీ. | శాంతం | మునిగే పెల్లెట్, ఫ్రోజెన్ |
| బ్లాక్ మోలీ | 7–8 సెం.మీ. | 70 లీ. | ఏ ఇబ్బందీ లేదు | ఏదైనా, నాచు కూడా |

రెండడుగుల ట్యాంక్ అంటే సుమారు 70 లీటర్లు, మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అయితే 190 లీటర్లు. రాళ్లూ ఇసుకా ఆక్రమించింది పోతే నీళ్లు ఇంకా తక్కువ.

## మరి మీకేది?

పిల్లలున్న ఇల్లు, మూడడుగుల ట్యాంక్, గదిలో ఏసీ లేదా చిల్లర్ ఉంది అంటే ఆలోచించక్కర్లేదు, హేచరీ ఆసెల్లారిస్ జంట. కానీ ముందు ముందు ఫైర్‌ఫిష్‌నో గోబీనో కూడా వేద్దామని మనసులో ఉంటే వాటిని ముందు దించి, క్లౌన్లను మూడు నాలుగు వారాలాగి తేవడం మంచిది. పిల్లలకు సర్దిచెప్పడం ఎలాగో మీ ఇష్టం.

ఏసీ లేదు, చిల్లర్ ఇప్పట్లో కొనరు, కరెంటు తరచూ పోతుంది అంటే జూన్ దాకా మోలీలతో నడపండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ, కాబట్టి పంపు ఆగితే చేపలు గాలి కోసం పైకొచ్చేది మంచినీటి ట్యాంక్ కంటే త్వరగానే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనుక్కోండి, చేప కంటే ముందు.

ఆఫీస్ టేబుల్ పక్కన చిన్న ట్యాంక్, ఒక్కరే చూసుకునేది, ఓపిక ఉంది అంటే గోబీ, రొయ్య. రోజూ ఫ్రోజెన్ తిండి కరిగించి పెట్టే తీరిక ఉండి, ప్రశాంతంగా కనిపించే ట్యాంక్ కావాలంటే బాంగాయ్. వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే క్లౌన్లే నయం, ఆటోమేటిక్ ఫీడర్‌లో పెల్లెట్ పోసి వెళ్లొచ్చు.

ఎవరికైనా సరే, మొదటి చేపగా వద్దన్నవి కొన్ని: సినిమాలో చూసిన నీలం టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, తెల్లచుక్కల జబ్బు దానికి అన్నిటికంటే ముందు వస్తుంది. మాండరిన్ చేప రాళ్ల మీది సూక్ష్మమైన కోపిపాడ్లు తిని బతుకుతుంది, కొత్త ట్యాంక్‌లో అవి ఉండవు, కళ్లముందే ఎండిపోతుంది. నాచు తింటుందని అమ్మే లాన్‌మోవర్ బ్లెన్నీ పరిస్థితీ దాదాపు అంతే. లయన్‌ఫిష్ ముళ్లలో విషం, నోట్లో మీ మిగతా చేపలు. సీహార్స్ సంగతైతే అసలు ఎత్తొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవుల షెడ్యూల్‌లో ఉన్న జీవి, మన సముద్రంలో తీసిన గట్టి పగడాలు కూడా అంతే. ఎవరైనా గుట్టుగా ఇస్తానన్నా తీసుకోకండి.

## కొనేరోజు

షాపతన్ని మీ ముందు తిండి వేయమనండి. వేయనంటే, వేసినా చేప పట్టించుకోకపోతే తిరిగొచ్చేయండి. పొట్ట లోపలికి పీక్కుపోయిందా, మొప్పలు ఆగకుండా వేగంగా కొట్టుకుంటున్నాయా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలున్నాయా చూడండి. నచ్చిన చేపకు అడ్వాన్స్ ఇచ్చి వారం పది రోజులు షాపులోనే ఉంచమంటే చాలామంది ఒప్పుకుంటారు, ఆ లోపు పోయేది అక్కడే పోతుంది.

ఇంటికి తెచ్చాక క్వారంటైన్ మానొద్దు. ఓ నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క, నాలుగు వారాలు. మొదటి చేపే కదా, నేరుగా వేస్తే ఏం అంటారు కొందరు. తెల్లచుక్కల జబ్బు ఒకసారి పెద్ద ట్యాంక్‌లో దిగితే, అందులోంచి చేపలన్నీ తీసేసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. ఇప్పుడు నెల ఆగలేనివాళ్లు అప్పుడు రెండున్నర నెలలు ఎలా ఆగుతారో ఆలోచించుకోండి.

లోకల్ షాపు నుంచి అరగంటలో తెచ్చుకుంటే ముప్పావుగంట డ్రిప్ పెట్టి, అంటే టబ్బు నీళ్లను చుక్కచుక్కగా సంచి నీళ్లలో కలిపి, క్వారంటైన్ టబ్బులో దించొచ్చు. చెన్నై కొళత్తూర్ నుంచో ముంబై నుంచో పార్సిల్‌లో వస్తే పద్ధతి వేరు. గంటల తరబడి మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గి ఉంటుంది, దానివల్లే అందులోని అమ్మోనియా అప్పటిదాకా పెద్దగా హాని చేయలేదు. సంచి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషంగా మారుతుంది, అలాంటి నీళ్లలో చేపను ఇంకో గంట డ్రిప్‌లో ఉంచడం అంటే చేజేతులా చంపుకోవడం. ముందురోజే వాళ్లనడిగి వాళ్ల నీటి ఉప్పెంతో తెలుసుకుని, క్వారంటైన్ టబ్బును అదే అంకెకు తెచ్చి ఉంచండి. సంచిని మూసే ఉంచి పావుగంట తేలేసి, వేడి కలిశాక విప్పి, చేపను మాత్రం తీసి టబ్బులో వేయండి, సంచి నీళ్లు పారబోయండి. ఆ రోజు లైట్లు వేయొద్దు, తిండి కూడా వద్దు.

తర్వాతి చేప రెండు మూడు వారాల తర్వాతే. బాక్టీరియా ఉన్న చేపలకు తగ్గట్టే ఉంటాయి, ఒకేసారి నాలుగు వేస్తే అమ్మోనియా మళ్లీ పైకి లేస్తుంది.

ఇప్పటికే డామినో దిగిపోయి, ఇదంతా ఆలస్యంగా చదువుతున్నవాళ్లకు: రాళ్లు పీకేముందు ఒక ప్రయత్నం చేయండి. లీటరు ప్లాస్టిక్ సీసా మెడ కోసి తిరగేసి లోపలికి దూర్చి, అడుగున రొయ్య ముక్క పెట్టి, సాయంత్రం చేపలకు తిండి వేయడం మానేసి మర్నాడు పొద్దున ట్యాంక్‌లో పడుకోబెట్టండి. డామినోకు తిండి మీద ఉన్న ఆశ మిగతా చేపలకు ఉండదు, సాధారణంగా ముందు దూరేది అదే. చాలా షాపులవాళ్లు డబ్బులివ్వరు గానీ చేపను వెనక్కి తీసుకుంటారు.